బాంబులు పడింది ఒక్క రోజే, అమ్మమ్మ ఊరు విడిచి ఉన్నది ఏడు నెలలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాయనమ్మగారు 1942 వేసవిలో పిల్లల్ని తీసుకుని విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట దగ్గర పల్లెకు వెళ్లారని, చాలా నెలలు అక్కడే ఉండిపోయారని రాశారు. ఎప్పుడడిగినా "ఏముందే, వెళ్లాం, వచ్చాం" అని ఊరుకునేవారని కూడా రాశారు. బాంబులు పడింది ఒక్క రోజే కదా, అన్నాళ్లు ఎందుకు ఉండిపోయారు, ఒక తల్లికి ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయి, ఆవిడ కథ రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను చరిత్ర లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మాది విశాఖ వన్‌టౌన్. మా అమ్మమ్మ కూడా ఆ వేసవిలోనే ఊరు ఖాళీ చేసింది. అప్పటికి ఆవిడకు ఇరవై నాలుగేళ్లు, ముగ్గురు పిల్లలు. మా అమ్మ పెద్దది, ఆరేళ్లది. నడిపి పిల్లాడికి నాలుగేళ్లు, చంటివాడికి ఎనిమిదో నెల. మా అమ్మమ్మ కూడా మీ నాయనమ్మగారిలాగే "వెళ్లాం, వచ్చాం" అనేది. చివరి నాలుగైదేళ్లలో మాత్రం నోరు విప్పింది. ఆవిడ చెప్పింది, మా వీధిలో పెద్దవాళ్లు చెప్పింది, నేను చదివింది కలిపి రాస్తున్నాను.

ముందు ఒక మాట. భయం బాంబులతో మొదలవలేదు. అంతకు మూడున్నర నెలల ముందే మొదలైంది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రంగూన్ అంటే మన ఉత్తరాంధ్ర వాళ్లకు పరాయి ఊరు కాదు. రేవులో కూలికి, బియ్యం మిల్లుల్లో పనికి, రిక్షా లాగడానికి తరతరాలుగా మనవాళ్లు ఓడెక్కి వెళ్లేవారు. బర్మాలో అప్పటికి లక్షకు పైగా తెలుగువాళ్లు ఉండేవారు. ప్రతి పేటలోనూ ఎవరో ఒకరి మొగుడో కొడుకో అక్కడ ఉండేవాడు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వాళ్ల చేతికి చిక్కేసరికి, దొరికిన ఓడ పట్టుకుని కొందరు, అరకాన్ కొండల మీదుగానో అస్సాం అడవుల గుండానో కాలినడకన కొందరు ఇళ్లకు చేరడం మొదలైంది. దారిలోనే పోయినవాళ్లు ఎందరో. వచ్చినవాళ్లు చెప్పిన సంగతులు మన ఆడవాళ్లు వీధి కుళాయి దగ్గర విన్నారు. బాంబు అంటే ఏమిటో విశాఖ తల్లులకు పేపర్లో చదివి తెలియలేదు. పక్కింటావిడ తమ్ముడు వట్టి చేతులతో, పుళ్లు పడ్డ కాళ్లతో అరుగు మీద కూర్చుని చెబితే తెలిసింది. మార్చి 23న అండమాన్ కూడా పోయింది. అంటే శత్రువుకీ మనకీ మధ్య మిగిలింది బంగాళాఖాతం ఒక్కటే.

ఏప్రిల్ 5 ఆదివారం నాడు కొలంబో మీద దాడి జరిగింది. మర్నాడు, 1942 ఏప్రిల్ 6 సోమవారం, ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖలో వాళ్ల గురి రేవు మీద. ఆ రేవు ఓడలకు తెరిచి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. దాని పక్కనే సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు అంతకుముందు ఏడాది జూన్‌లోనే బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అదే రోజు సముద్రంలో, ఒరిస్సా, ఆంధ్ర తీరాల వెంబడి దాదాపు ఇరవై వర్తక నౌకలను ముంచేశారు. విశాఖలో చనిపోయినవాళ్లు మాత్రం పట్టుమని పది మంది కూడా లేరు. అప్పుడు పడిన బాంబు తొడుగు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. వీలైతే వెళ్లి చూడండి.

పుస్తకాల్లో ఈ సంగతి ఒక పేరాతో అయిపోతుంది. నష్టం స్వల్పం, జనం భయపడి ఊరు విడిచారు, తర్వాత తిరిగి వచ్చారు అని రాస్తారు. ఆ "తర్వాత" అన్న మాటలో ఎన్ని నెలలున్నాయో, ఆ నెలలు ఎవరు ఎలా ఈదారో ఎవరూ రాయలేదు. ఎందుకంటే మన దగ్గర దానికి రికార్డు లేదు. ఎవరు ఏ ఊరు వెళ్లారో ఏ ఆఫీసులోనూ రాసుకోలేదు. చుట్టాల ఇళ్లకు వెళ్లారు, అంతే.

ఇంగ్లండ్ సంగతి దీనికి పూర్తిగా వేరు, కానీ పోల్చి చూస్తే మన తల్లుల పరిస్థితి బాగా అర్థమవుతుంది. 1939 సెప్టెంబరు 1 నుంచి మూడు రోజుల్లో అక్కడి ప్రభుత్వం సుమారు 15 లక్షల మందిని పట్నాల నుంచి పల్లెలకు తరలించింది. మెడలో పేరు చీటీలు కట్టుకున్న బడిపిల్లల ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఆ 15 లక్షల్లో ఐదు లక్షలకు పైగా తల్లులూ, ఐదేళ్ల లోపు పిల్లలూ ఉన్నారన్నది చాలామందికి తెలియదు. బడిపిల్లవాడు ఒక్కడే వస్తే, వాణ్ణి ఉంచుకున్న పల్లె ఇల్లాలికి ప్రభుత్వం వారానికి పది షిల్లింగుల ఆరు పెన్నీలు ఇచ్చేది, తిండితో కలిపి. తల్లి చంటిబిడ్డతో వస్తే నీడకు మాత్రమే డబ్బు: తల్లికి ఐదు షిల్లింగులు, బిడ్డకు మూడు. వంట ఆవిడే చేసుకోవాలి. ఎక్కడ? ఆ ఇంటావిడ వంటింట్లోనే. 1940 జనవరి నాటికి, అంటే అసలు బాంబులు పడడం మొదలవకముందే, పదిమంది తల్లుల్లో దాదాపు తొమ్మిది మంది పట్నాలకు తిరిగి వెళ్లిపోయారు. మొగుడి మీద బెంగ, పల్లెలో తోచకపోవడం, పక్క తడిపే పిల్లలతో అవతలివాళ్లకు విసుగు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఒక వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు ఇమడలేకపోవడం.

మా అమ్మమ్మ మాటల్లో కూడా చివరికి తేలింది పొయ్యి సంగతే. మీ నాయనమ్మగారు ఎందుకు మాట్లాడలేదో దీన్నిబట్టి ఊహించవచ్చేమో చూడండి.

మామూలుగా ఆపద వస్తే ఆడది పుట్టింటికి పోతుంది. పురిటికి వెళ్లినట్టే వెళ్తుంది, తల్లి ఉంటుంది, మాటపడేది లేదు. అమ్మమ్మ పుట్టిల్లు భీమిలి. అదీ సముద్రపు ఒడ్డే. కాబట్టి అక్కడికి వెళ్లే దారి మూసుకుపోయింది. మిగిలింది తాతయ్య అక్కగారి ఇల్లు, చోడవరం దాటాక లోపలికి ఉన్న పల్లె. ఆడపడుచు ఇంటికి, ముగ్గురు పిల్లల్ని వేసుకుని, మొగుడు వెంట లేకుండా, ఎన్నాళ్లో తెలియకుండా వెళ్లడం అంటే ఏమిటో మన ఆడవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. తాతయ్యది రేవు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఆయన కదలడానికి వీల్లేదు.

సోమవారం బాంబులు పడితే మంగళవారం తెల్లారేసరికి వీధి సగం ఖాళీ అయిందట. వాల్తేరు స్టేషన్లో ఇసుక వేస్తే రాలనంత జనం. అటు విజయనగరం వైపు వెళ్లే బెంగాల్ నాగపూర్ రైలు, ఇటు అనకాపల్లి వైపు వెళ్లే మద్రాసు రైలు, రెండూ కిక్కిరిసిపోయాయి. జట్కావాళ్లూ ఎడ్లబండ్లవాళ్లూ అడిగినంత ఇవ్వాల్సిందే. తాతయ్య ఎక్కడో తిరిగి తిరిగి రాత్రికి ఒక రెండెద్దుల బండి తెచ్చాడు. బండి చిన్నది. ఏం వేసుకోవాలి?

ఈ ఘట్టం మాత్రం అమ్మమ్మ నిన్న జరిగినట్టు చెప్పేది. ఇత్తడి గంగాళం, బిందెలు, పెళ్లినాటి పళ్లెం పెరట్లో బావిలో దింపేశారు. ఉన్న రెండు పేటల గొలుసు చీర కుచ్చెళ్లలో మూటగట్టుకుంది. వెండి రూపాయలు కొన్ని తులసికోట మొదట్లో పాతారు. బియ్యం బస్తా బండెక్కించింది. చంటివాడి ఉగ్గుగిన్నె, పాత చీరలు చింపిన పొత్తిగుడ్డలు, ఒక లాంతరు, కిరసనాయిలు సీసా. చివరికి ఆవకాయ జాడీ పట్టుకుని గుమ్మంలో నిలబడిందట. చైత్రం కాబట్టి అది కిందటేడాది కాయ, అడుగున పావు వంతు మిగిలింది. తాతయ్య "బాంబులు పడుతుంటే ఆవకాయేమిటి" అని కసిరితే, ఆవిడ "వాళ్లింటికి వట్టి చేతులతో వెళ్లమంటారా" అందట. ఆ జాడీ వెళ్లింది. దానికి చోటు కోసం అమ్మ పలకా పుస్తకాలూ దిగిపోయాయి. అమ్మ ఎనభై ఏళ్ల వయసులోనూ ఆ సంగతి చెప్పి కళ్లొత్తుకునేది.

సింహాద్రి అప్పన్న చందనోత్సవానికి రెండు వారాలు కూడా లేదు. కొండ కనబడినంతసేపూ అమ్మమ్మ దణ్ణం పెడుతూనే ఉందట. దారి పొడవునా బండ్లు, తలల మీద మూటలు, కావిళ్లలో ఒక పక్క పిల్లలు, ఒక పక్క సామాను. ఎండ. చంటివాడికి పాలు సరిపోక ఏడుపు. టెన్షన్‌కి ఆవిడకు పాలు ఎగదన్నాయి. ఇది ఆవిడ ఒక్కసారే చెప్పింది, అదీ నాకు బిడ్డ పుట్టాక.

ఆ ఇంటికి చేరాక మొదటి వారం రోజులూ పెళ్లివారిని చూసినట్టు చూశారు. ఊళ్లోవాళ్లంతా వచ్చి బాంబుల కబుర్లు అడిగేవారు. తర్వాత ఆ ఊరికే ఇంకా ఇంకా జనం వచ్చారు. ఆ ఇంటికే మరో రెండు కుటుంబాలు దిగాయి. వేసవి కాబట్టి బావిలో నీళ్లు అడుగంటాయి. ఇరవై మందికి వంట. వడ్లు దంచుకోవాలి, నీళ్లు తోడుకోవాలి, పిడకల పొయ్యి ఊదుకోవాలి. పట్నంలో కుళాయి నీళ్లకు, బియ్యం కొనుక్కోవడానికి అలవాటుపడ్డ అమ్మమ్మకు చేతులు బొబ్బలెక్కాయి. అయినా ఒక్కరోజు కూడా రోకలి వదల్లేదట. కూర్చుని తింటున్నారు అన్న మాట పడకూడదని.

మా అమ్మకు గుర్తున్నది వేరు. పిల్లలకు బంతి వేసి వడ్డించేవారు. చోడి అంబలి, లేదంటే అన్నంలో పులుసు. నడిపి మామయ్యకు ఆకలెక్కువ. గిన్నె తన ముందుకు వచ్చేసరికి వాడు మారు అడగడానికి నోరు తెరిచేవాడు. అమ్మమ్మ వెనక కూర్చుని వాడి తొడ మీద గిల్లేది. గట్టిగా కాదు, వాడికి తెలిసేంత. వాడు నోరు మూసుకునేవాడు. రాత్రి అందరూ పడుకున్నాక చెంగులో దాచిన బెల్లం ముక్క వాడి నోట్లో పెట్టి, గిల్లినచోట రాసేదట. మామయ్యకు ఇదేదీ గుర్తులేదు. గుర్తున్నది అమ్మకు, ఎందుకంటే కొన్నాళ్లకు గిల్లే పని అమ్మమ్మ తనకే అప్పగించింది. ఆరేళ్ల పిల్లకు.

ఇక పొయ్యి. వైశాఖం వెళ్లిపోతుండగా అమ్మమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. తాతయ్య నెలనెలా పంపే డబ్బుతో విడిగా వండుకుంటే ఎవరికీ బరువుండదు, పిల్లలు కడుపునిండా తింటారు. పశువులశాల చూరు కింద మూడు ఇటుకలు పెట్టుకుంటానని ఆడపడుచుని అడిగింది. "వదినా, ఇంతమందికి మీరు ఎంతని చేస్తారు, నేను ఆ పక్కన..." అనబోయిందట. ఆవిడ ముఖం నల్లబడిపోయింది. "మా ఇంటి కూడు సయించనేదేటమ్మా?" అంది. అంతే. ఆ రోజల్లా మాట్లాడలేదు.

మనకు వేరు పొయ్యి అంటే వేరు కాపురం, అంటే అన్నదమ్ములు విడిపోయారని ఊరందరికీ చాటడం. ఆడపడుచు కోణంలో చూస్తే, ఆపదలో ఉన్న తమ్ముడి పెళ్లాం పిల్లలకు కూడు పెట్టలేకపోయిందని నలుగురూ అనుకుంటారు. అమ్మమ్మ కోణంలో, తన పిల్లల్ని తానే గిల్లుకోవాల్సి వస్తోంది. ఇద్దరిదీ తప్పు లేదు. ఇంగ్లండ్‌లో ఎవరో తెలియని ఇంటికి వెళ్లిన తల్లి కనీసం పోట్లాడగలిగింది, మూటాముల్లే సర్దుకుని రైలెక్కగలిగింది. మన తల్లులు వెళ్లింది చుట్టాల ఇళ్లకు. అక్కడ ఒక్క మాట తూలితే యుద్ధం అయిపోయినా ఆ మాట అయిపోదు. రేపు ఆ ఇంటి పిల్లను చేసుకోవాలి, ఈ ఇంటి పిల్లను ఇవ్వాలి. అందుకే మింగారు. తర్వాత కూడా చెప్పలేదు, ఎందుకంటే చెబితే అన్నం పెట్టిన ఇంటిని ఆడిపోసుకున్నట్టు అవుతుంది. మీ నాయనమ్మగారి మౌనంలో ఇది ఎంతో కొంత ఉండి ఉంటుందని నా నమ్మకం.

పొయ్యి చివరికి ఎలా పెట్టిందో కూడా చెబుతాను. నడిపివాడికి జ్వరం వచ్చింది. చలి, వణుకు, రోజు విడిచి రోజు. కొండల కిందనున్న ఆ పల్లెల్లో మలేరియా ఎప్పుడూ ఉండేదే. ఊరివాళ్లకు కొంత అలవాటు, పట్నం పిల్లలు మాత్రం పిట్టల్లా రాలిపోయేవారు. దానికి మందు క్వినైన్. ప్రపంచానికి క్వినైన్ దాదాపుగా అంతా జావా నుంచి వచ్చేది. ఆ జావా మార్చిలోనే జపాన్ చేతికి పోయింది. బాంబు నుంచి తప్పించుకోవడానికి వెళ్లిన చోట జ్వరం, ఆ జ్వరానికి మందు లేకపోవడానికి కారణం కూడా ఆ యుద్ధమే. ఇది అమ్మమ్మకు తెలియదు, నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాక చెబితే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తాతయ్య విశాఖలో ఎవరెవరినో పట్టుకుని పది బిళ్లలు సంపాదించి, బొగ్గు బస్సులో అనకాపల్లి మీదుగా వచ్చి ఇచ్చి వెళ్లాడు. పెట్రోలు దొరక్క అప్పట్లో బస్సుల వెనక బొగ్గు కుంపటిలాంటి డబ్బా కట్టి దాని గ్యాసుతో నడిపేవారు. ఎత్తు వస్తే జనం దిగి తోయాల్సిందే. జ్వరం పిల్లాడికి పథ్యం వండాలి, జావ కాయాలి, వేళకాని వేళ నీళ్లు కాచాలి. అప్పుడు ఆడపడుచే మూడు ఇటుకలు తెచ్చి చూరు కింద పెట్టింది. "పిల్లడికి కాసుకో" అంది. పిల్లాడికి నయమయ్యాక కూడా ఆ ఇటుకలు తీయలేదు. వాటి మీద పథ్యం పేరుతో ముగ్గురికీ వండిపెట్టుకుంది అమ్మమ్మ. ఆవిడకు తెలుసు, ఆడపడుచుకూ తెలుసు. ఇద్దరూ పైకి ఆ మాట అనుకోలేదు. ఆడపడుచు పోయేదాకా అమ్మమ్మ ప్రతి సంక్రాంతికీ ఆ ఇంటికి చీర పంపింది.

ఇంకా కొన్ని ఉన్నాయి. మగవాళ్లెవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. పట్నంలో పెరటి దొడ్డికి అలవాటుపడ్డవాళ్లు చీకటితోనే లేచి చేలగట్ల వెంట వెళ్లాలి. చంటివాణ్ణి ఎవరికి అప్పగించాలి? బయట చేరిన మూడు రోజులూ పరాయి ఇంట్లో ఎక్కడ కూర్చోవాలి, ఆ మూడు రోజులు పిల్లల్ని ఎవరు చూస్తారు? నెలలు నిండినవాళ్లు బండి కుదుపులకు దారిలోనే నొప్పులు పడ్డారు. మా చిన్నతనంలో "బాంబులు పడ్డ ఏడు పుట్టాడు" అని వయసు లెక్క చెప్పే పెద్దవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఆ పురుళ్లు ఎక్కడ జరిగాయో, ఎవరు పోశారో అడిగినవాళ్లు లేరు.

వెళ్లడానికి పల్లె లేనివాళ్ల సంగతి కూడా మీ రాతలో వదలకండి. మా అమ్మమ్మకు కనీసం ఆడపడుచు ఉంది. జాలరిపేటవాళ్లకు ఒడ్డే ఊరు. రేవు కూలీలకు ఏ పూట కూలి ఆ పూటే. వీధులు ఊడ్చేవాళ్లు వెళ్లిపోతే పట్నంలో రోగాలు పుడతాయని వాళ్లను కదలనివ్వలేదని మా వీధి పెద్దలు చెప్పేవారు. రాత్రిళ్లు పిల్లల్ని తీసుకుని సింహాచలం కొండ దాకా నడిచి, మామిడి తోటల్లో పడుకుని, తెల్లారి మళ్లీ పనిలోకి వచ్చిన తల్లులు ఉన్నారు. వాళ్ల మనవరాళ్లు కూడా ఇవన్నీ రాస్తే ఎంత బావుండునో.

అన్నాళ్లు ఎందుకు ఉన్నారన్న ప్రశ్నకు వస్తాను. ఈ రోజు మనకు తెలుసు, ఏప్రిల్ దాడి తర్వాత ఆ జపాన్ నౌకలు బంగాళాఖాతం వదిలి వెళ్లిపోయాయని. జూన్‌లో పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే దీవి దగ్గర వాళ్ల నాలుగు పెద్ద విమానవాహక నౌకలు మునిగాయి. మన విశాఖ మీదకు విమానాలు పంపిన ర్యూజో ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగింది. ఆ రోజుకి మా అమ్మమ్మ ఇంకా చూరు కిందే వండుకుంటోంది. తనను తరిమిన ఓడ సముద్రం అడుగుకు పోయిందని ఆవిడకు ఎవరు చెబుతారు? వార్తల మీద సెన్సారు. ఊళ్లోకి వచ్చేది పుకార్లే. కాకినాడలో దిగారట, మద్రాసు పోయిందట అని. వాటికి ఊతంగా కళ్లెదుట కనబడేవి కూడా అలాగే ఉండేవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖ వదిలి గుంటూరు తరలిపోయింది, 1946 దాకా తిరిగి రాలేదు. మద్రాసులో సర్కారు ఆఫీసులను లోపలి ఊళ్లకు మార్చారు, జనాన్ని వెళ్లిపొమ్మన్నారు, జూలోని క్రూరమృగాలు తప్పించుకుంటే ప్రమాదమని కాల్చి చంపారు. అంత పెద్దవాళ్లే కదిలిపోతుంటే గుమాస్తా భార్య పిల్లల్ని తీసుకుని వెనక్కి ఎలా వస్తుంది? ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చింది, రైళ్లు నడుస్తాయో లేదో తెలియదు. అప్పుడే వానలు, బాటలు బురద. ఇలా ఒక నెల మీద ఒక నెల గడిచిపోయింది.

కార్తీకంలో తాతయ్య వచ్చి తీసుకెళ్లాడు. భయం పోయిందని కాదు. పల్లెలో కూడా గింజలు తగ్గాయి, బర్మా బియ్యం రావడం ఆగిపోయి ధర కొండెక్కింది, కిరసనాయిలు దొరకడం లేదు. ఆ ఇంటికి ఇంకా బరువు కాకూడదని అమ్మమ్మే ఉత్తరం రాయించింది. వచ్చి తాళం తీస్తే చెదలు, ఎలుకలు. తాతయ్య బావిలోకి పాతాళగరిగె వేసి ఒక్కొక్కటే పైకి లాగుతుంటే పిల్లలు చుట్టూ మూగి లెక్కపెట్టారు. పెళ్లినాటి పళ్లెం రాలేదు. తర్వాత ఎన్ని వేసవుల్లో పూడిక తీయించినా దొరకలేదు. అమ్మమ్మ ఆ సాయంత్రం పళ్లెం కోసం ఏడవలేదట. ముందు పొయ్యి అలికింది. పిండితో ముగ్గు పెట్టింది. అన్నం వండి, ముగ్గురినీ కూర్చోబెట్టి, వద్దనేదాకా వడ్డించింది. మా అమ్మ ఆ రాత్రి కడుపునొప్పితో నిద్రపోలేదు.

ఆ మరుసటి ఏడాది 1943 అక్టోబరులో ఒక విమానం వచ్చి మద్రాసు మీద బాంబులు వేసిపోయింది. వాడలో మళ్లీ మూటలు కట్టినవాళ్లు ఉన్నారు. అమ్మమ్మ కదల్లేదు. "ఏదైతే అది ఇక్కడే" అందట.

ఇప్పుడు మీ పని. మీ మేనత్తగారు ఉన్నారని, అప్పటికి ఎనిమిదేళ్ల పిల్లని రాశారు. ఆవిడే మీకు ముఖ్యం. మొదటే "భయం వేసిందా" అని అడగకండి, "ఆఁ వేసింది" అని ఊరుకుంటారు. పొయ్యి ఎక్కడుండేదో అడగండి. ఎక్కడ పడుకునేవారు, పక్కన ఎవరు పడుకునేవారు, బండిలో ఏం వేసుకున్నారు, ఏది వదిలేశారు, జ్వరాలు ఎవరికి వచ్చాయి, వాళ్లమ్మ ఏం పని చేసేది అని అడగండి. ఆ ఇంటి గదులు ఆవిడ చేత కాగితం మీద గీయించండి. గీస్తున్నప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. ఆ ఇంటివాళ్ల వైపు మనుషులు ఇప్పుడెవరైనా ఉంటే వాళ్లనూ కలవండి. ఇరవై మందికి వండిపెట్టిన ఆవిడ కథ కూడా అందులో సగం.

కాగితం ఆధారం కావాలంటే ఆ ఊరి ఎలిమెంటరీ స్కూలు అడ్మిషన్ రిజిస్టర్లు చూడండి. 1942 జూన్, జూలైలలో పట్నం పిల్లల పేర్లు ఒక్కసారిగా కనిపిస్తే అవి ఇవే. అప్పటి ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ ఫైళ్లు పాత గ్రంథాలయాల్లో కొన్ని దొరుకుతాయి. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పాత కార్డులు ఉంటే పారేయకండి, ముద్రలో ఊరూ తేదీ ఉంటాయి. మా ఇంట్లో దొరికినవి మూడే మూడు కార్డులు. మూడింట్లోనూ అమ్మమ్మ రాయించింది ఒకటే, పిల్లలు క్షేమం, వదినగారు బాగా చూసుకుంటున్నారు అని.

మేనత్తగారికి తొంభై దాటాయి. ఓపిక ఉన్న ఉదయం పూట వెళ్లండి. సెలవులు వచ్చేదాకా ఆగకండి.